పాప చెప్పింది చెప్పినట్టు

తొమ్మిదేళ్ల పాప. రేపల్లెలో రైలెక్కి తెనాలి స్టేషన్లో దిగి, ఎటు పోవాలో తెలియక బల్ల మీద కూర్చుంటే రైల్వే పోలీసులు పిల్లల సంరక్షణ ఆఫీసులో మాకు అప్పగించారు. బాపట్లలో పిల్లల హోంలో ఉంచి, విచారణ నాకిచ్చారు. కన్నతల్లి పోయింది. తండ్రి రొయ్యల లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. ఇంట్లో ఉండేది సవతి తల్లి, ఆమె కొడుకు. పాపను ఆ ఇంటికి తిరిగి పంపాలా వద్దా అన్నది నా రిపోర్టు చూసి పిల్లల సంక్షేమ కమిటీ తేలుస్తుంది.

"పిన్ని కొడుతుందా?" అని అడిగాను.

"లేదక్కా. అన్నం పెట్టదు, అంతే. తమ్ముడు తిన్నాక గిన్నెలు కడగమంటది."

అంతేనట!

ఆ మాట అలాగే రాశాను. మా సార్ చదివి నొసలు చిట్లించారు.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకమ్మా? పోషణలో స్వల్ప లోపం అని రాయి, సరిపోద్ది."

మా ఆఫీసులో ఆకలికి ఆ పేరే. ఏ ఫైలు తీసినా కనిపిస్తుంది. నేను రాయనండి అన్నాను, మనసులో కాదు, పైకే. పిల్లలు చెప్పింది చెప్పినట్టు రాయడం ఒక్కటే ఈ ఉద్యోగంలో నాకు మిగిలిన పౌరుషం.

కమిటీ కూర్చున్న రోజు రిపోర్టును అందరి ముందూ పైకి చదవడం మా దగ్గర అలవాటు. దాపరికం ఉండకూడదట. కమిటీ పెద్దాయన కళ్లజోడు సర్దుకుని పాప మాటలు గట్టిగా, తప్పు లేకుండా చదివారు. పిన్ని పాప పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది.

"ఇలా అన్నావా తల్లీ?"

పాప పిన్ని ముఖంలోకి చూసింది. "లేదండి. నేననలేదు."

"పిల్లకి నేనేం తక్కువ చేశానండి? ఊళ్లో ఎవర్నైనా అడగండి" అంటూ పిన్ని కొంగుతో కళ్లొత్తుకుంది.

పాపను విడిగా అడగండి సార్ అన్నాను. ఇప్పుడే అడిగాం కదమ్మా అన్నారు. పాప కాదన్నదని కూడా నేనే రాయాలి. రాశాను. అప్పుడు పిన్ని పక్కనే ఉందని ఇంకో వాక్యం రాశాను. ఆ వాక్యం ఎవరూ పైకి చదవలేదు. పాపను ఇంటికి పంపేసి, నెలకోసారి నన్ను వెళ్లి చూడమన్నారు. నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. క్యాంటీన్లో టిఫిన్ తిన్నాను, చట్నీ ఇంకొంచెం వేయమన్నాను, వచ్చి ఇంకో ఫైలు తీశాను.

నెల తర్వాత రేపల్లె వెళ్తే పాప గుమ్మంలోనే ఉంది.

"అన్నం తింటున్నావా?"

"తింటున్నానండి."

లోపల పిన్ని ఉంది. పాప చెప్పింది చెప్పినట్టు రాస్తే, తింటున్నట్టే రాయాలి. ఛీ, ఇదేం నిజాయితీ అనిపించింది. పిన్నికి చెప్పి పాపను పక్క వీధిలోని అంగన్‌వాడీకి తీసుకెళ్లి, బరువు తూచే మిషను మీద నిలబెట్టాను. హోంలో ఉన్నప్పటికంటే తగ్గింది. ఈసారి పాప ఏమీ చెప్పక్కర్లేదు, మిషను చూపించింది రాస్తే చాలు అనుకుని పెన్ను తీశాను.

పాప కిందికి దిగి నా చేతి వైపే చూస్తోంది.

"పిన్నికి చెప్తారా?"

"చెప్పనమ్మా. రాసుకుంటాను."

"రాస్తే పైకి చదువుతారు కదండి."

"చదువుతారమ్మా" అన్నాను. రాశాను.