రొండిలో సీసా

నాంపల్లి స్టేషను ఎదుటి సందులో, సంతానం లేని దంపతులకు వైద్యం చేసే ఒక డాక్టరమ్మ దవాఖాన ఉండేది. అక్కడి పరీక్షశాల అనసూయ బాధ్యత. మగవారు తెచ్చిన వీర్యాన్ని మైక్రోస్కోపులో పరీక్షించి, చికిత్సకు సిద్ధపరచేది. ఆమెకూ పిల్లలు లేరు. భర్త వామన్‌రావు అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా, పరీక్ష మాటెత్తితే, "నాకేం రోగం?" అని లేచిపోయేవాడు.

1978 వానకాలంలో, ఇంగ్లండులో వైద్యులు గాజుపాత్రలో పెంచిన పిండాన్ని తల్లి గర్భంలో ఉంచగా ఆడపిల్ల పుట్టిందని పత్రికలు రాశాయి. అనసూయ ఇంటి మేడమీద అద్దెకుండే, పిల్లలు లేని జానకి పత్రికతో దిగివచ్చింది.

"అక్కయ్యా, గాజుగిన్నెలో పిండమటండీ! మనకూ చేస్తారా?"

"గీడ గంత లేదు జానకీ. మీ ఆయన సీసా తెస్తే, మేం సాఫు చేసి ఇస్తం, డాక్టరమ్మ నీ కడుపుల పెడతది. గంతే. గిన్నెల పిండమైనా, సీసాల బీజమైనా ఒంటి వెచ్చదనం తగ్గొద్దు."

డాక్టరమ్మ చెప్పిన రోజున జానకి భర్త సోమయాజులు స్నానం చేసి, విభూతి పెట్టుకొని, సీసాను పంచె రొండిలో దోపుకొని, జానకితో రిక్షాలో వచ్చాడు. మడి విడువని మనిషి!

"వెచ్చగానే ఉందమ్మా, చూసుకోండి."

అనసూయ సీసాను అందుకొన్నది. జానకికి పుట్టబోయే బిడ్డను తలచుకొని కాదు, జానకికి దొరికిన మగణ్ణి చూసి ఆమె అసూయపడింది.

సీసాను వెచ్చని పెట్టెలో పెట్టిన కాసేపటికే కరెంటు పోయింది. డాక్టరమ్మ పక్క గదిలో కాన్పు చేస్తోంది. పెట్టె చల్లబడసాగింది. సీసా చల్లారితే తప్పు కరెంటుదే అవుతుంది, ఎవరూ అడగరు. అనసూయ కదలలేదు.

వరండాలో సోమయాజులు భార్యతో అంటున్నాడు: "బెంగపడకే. ఇవాళ కాకపోతే మళ్లీ తెస్తాను."

మళ్లీ! తన ఇంట ఒక్కసారికే దిక్కులేదు. అనసూయ పెట్టె మూత తెరచి అలాగే వదిలేసింది.

అంతలో ఆయన గుమ్మంలోకి వచ్చాడు. "కరెంటు పోయిందిగా అమ్మా, సీసా ఇలా ఇవ్వండి. డాక్టరుగారు వచ్చేదాకా రొండిలో పెట్టుకొంటాను."

అక్కర్లేదనడానికి ఆమె నోరు తెరచింది. కానీ చేయి పెట్టెలోకే పోయింది. సీసాను అరచేత రుద్ది ఆయనకిచ్చింది. డాక్టరమ్మ వచ్చేవరకు ఆయన బల్లమీద కదలక, గుడ్లమీద కోడిలా కూర్చొన్నాడు.

మరుసటి నెల జానకి నెల తప్పిందని పంచదార తెచ్చింది. అనసూయ నోట వేసుకొన్నది, తీపి తెలియలేదు. ఆ సాయంత్రం భర్త పళ్లెం పక్కన ఒక ఖాళీ సీసా పెట్టింది.

"ఏంది గిది?"

"సోమయాజులుగారు రొండిల పెట్టుకొని దవాఖానల కూసున్నరు. మీరు గూడ కూసోవాలె."

వామన్‌రావు అన్నం కెలికాడు. "మీ డాక్టరమ్మకు నా పేరు జెప్పకు" అన్నాడు.

"ఔ" అన్నది అనసూయ. సీసాకు అంటించిన చీటీమీద మాత్రం, ఇంటిపేరుతో సహా, ఆయన పేరే రాసింది.