జానకో ఎర్రపోగు

మా అమ్మ నడుమునొప్పికి ఆదోని డాక్టరు ఇచ్చిన వైద్యంలో మందులు తక్కువ, కట్టడి ఎక్కువ. ఆ కట్టడిని ఇంట్లో నడిపించింది నేను. పెద్దకూతురిని, నోరు కాస్త పెద్దది, ఒకటి పట్టుకున్నానంటే వదలని మొండిదాన్ని. ఆ మొండితనం చూస్తే ఇప్పుడు నాకే భయం.

డెబ్బైల చివరి మాట. ఎమ్మిగనూరులో మాది మగ్గాల ఇల్లు. ఒకనాడు నేసేటప్పుడు కాళ్ళు దించి కూర్చునే మగ్గం గుంతలోకి దిగబోతూ అమ్మ జారి నడుము మీద పడింది. దెబ్బ మానింది గానీ నొప్పి పోలేదు. ఏడాదిన్నర మంచంలోనే ఉంది. పొద్దున లేస్తూనే మేము అడిగే మొదటి మాట "ఎట్లుందమ్మా నొప్పి?" పడుకునే ముందు చివరి మాటా అదే. ఇరుగుపొరుగు వచ్చి అయ్యో పాపం అనేవాళ్ళు, గడప దాటి ఇదంతా పని ఎగ్గొట్టే నాటకం అనేవాళ్ళు. అది చెవిన పడిన రోజు అమ్మ అన్నం ముట్టేది కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

కుదుపు వచ్చినప్పుడల్లా ఆమె నడుము వెనక నా అరచెయ్యి పెడుతూ, బస్సులో ఆదోనికి తీసుకుపోయాను. పత్తిబేళ్ళ బండ్లు తప్పించుకుంటూ మెల్లగా నడిపించాను. ఆ డాక్టరు చిన్నవయసువాడు, బెంగళూరులో చదివి వచ్చాడు. మిగతావాళ్ళలాగా ఎక్స్‌రే చూసి పంపెయ్యలేదు. ఏ పని చేస్తావు, ఎంతసేపు చేస్తావు, నొప్పి అంటే ఇంట్లోవాళ్ళు ఏం చేస్తారు అని ఓపికగా అడిగాడు. నీ నొప్పి నిజమేనమ్మా అన్నాడు. ఆ ఒక్క మాటకే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

దెబ్బ మానినా నరాలకు ఆ భయం పోలేదని, భయపడి పడుకునేకొద్దీ ఒళ్ళు ఇంకా బిగుసుకుంటుందని ఆయన చెప్పాడు. నొప్పి లేచేదాకా పని చెయ్యకూడదు, లేవకముందే ఒక కొలత పెట్టుకుని ఆపాలి. కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెట్టాలి, నాలుగడుగులు నడవాలి, మళ్ళీ కూర్చోవాలి. అదంతా అమ్మకు. తర్వాత నా వైపు తిరిగి, మీరు నొప్పి సంగతి అడగొద్దు, ఆమే ఎత్తితే మాట మార్చండి అన్నాడు. ఇంకోచోట కొత్తనొప్పి వస్తే మాత్రం ఆలస్యం చెయ్యకుండా తీసుకురండి అని కూడా అన్నాడు. విన్నాను. తల కూడా ఊపాను.

కొలత సంగతి నేతవాళ్ళకు ఒకరు నేర్పాలా? జానెడు నేసి అమ్మ లేచేది. ఎక్కడ ఆపిందో తెలిసేలా అంచులో ఒక ఎర్రపోగు ముక్క దూర్చేది. చీర కోసి దించాక ఆ ముక్కలన్నీ నేను లాగేసేదాన్ని. మొదట్లో రోజుకు రెండు పోగులు. నెలలు గడిచేకొద్దీ ఆరు, ఏడు. వీధికొళాయి దాకా నడిచివచ్చి మళ్ళీ గుంతలోకి దిగేది. ఇంట్లో నొప్పి అన్న మాట వినబడకుండా నేను కాపలా కాశాను. నాయన నోరుజారి అడిగితే కళ్ళురిమేదాన్ని. అమ్మ మూలిగితే, ఈ పొద్దు కూర ఏం చేద్దాం అనేదాన్ని. ఆమె నవ్వి, పుంటికూర అనేది. ఉన్నమాట చెప్పాలి, అమ్మ బాగుపడింది. మద్దికెరలో చిన్నమ్మ కూతురి పెళ్ళికి పోయి పసుపు దంచి, పాట కూడా పాడి వచ్చింది. నేను పొంగిపోయాను.

రెండేళ్ళు అట్లా గడిచాయి. ఒకరోజు చీర దించి అంచు చూస్తే ఎర్రపోగులు దగ్గరదగ్గరగా ఉన్నాయి. జానెడు కాస్తా బెత్తెడైంది. కొస దగ్గర రెండు వేళ్ళ మందం కూడా లేదు. మగ్గాల ఇంట్లో కొలత తప్పడం చిన్న తప్పు కాదు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. చీర ఆమె ముందు పరిచి, మళ్ళీ పాత పాటే మొదలుపెట్టావా అని నిలదీశాను.

అమ్మ పోగుల వంక చూసింది గానీ నా వంక చూడలేదు. కడుపు మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇది ఆ నొప్పి గాదు మ్మే," అనింది. "ఇది లోపల యాడనో ఉండాది."

"ఈ పొద్దు కూర ఏం సేద్దామమ్మా?" అన్నాను.

ఆమె కడుపు మీది చెయ్యి తీసేసింది. నీ ఇష్టం అని మగ్గం వైపు తిరిగింది. నేను పోగులన్నీ లాగేసి, గోటితో నేత సర్ది, ఆ చీర అమ్మకానికి పంపేశాను. ఎవరు కట్టుకున్నారో తెలియదు.

తర్వాతి చీరలో పోగులు సరిగ్గా జానకొకటి పడ్డాయి. ఆ తర్వాతి చీరలోనూ అంతే. గట్టిగా ఉంటే దారికి వస్తుందని నాయన దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను. అంతసేపు ఆ గుంతలో ఎట్లా కూర్చుందో, ఒక్కో జాన ఎట్లా నేసిందో అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు పరుపు మీద దుప్పటి సర్దుతున్నా నా చెయ్యి దానంతట అదే జానలు కొలుస్తుంది. బెత్తెడు దగ్గర ఆగిపోతుంది.

ఆ వేసవిలో అమ్మ గుంతలోంచి లేవలేకపోయింది. నాయన, నేను చెరో రెక్క పట్టి పైకి తీశాము. కర్నూలు ఆసుపత్రిలో చూసి కడుపులో గడ్డ అన్నారు, బాగా ముదిరిందన్నారు, ఇన్నాళ్ళూ ఏం చేశారని అడిగారు. నాయన నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

నర్సు వచ్చి మంచం పక్కన కూర్చుని, నొప్పి ఎక్కడుంది పెద్దమ్మా అని అడిగింది.  అమ్మ తల తిప్పి నన్ను వెతుక్కుంది.

"సెప్పొచ్చునా మ్మే?" అని అడిగింది.