చెక్క మీద సుత్తి దెబ్బ

దయ్యాలున్నాయనేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఆ కథలు చెబితే వాళ్లకేం పోదు. మా నాన్నకు మాత్రం అలాంటి ఒక్క మాట చెప్పినందుకే ఉద్యోగం పోయింది.

మేం ఆయన్ని బాపు అనేవాళ్లం. కాజీపేట వైపు రైల్వేలో కీమ్యాన్. పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచేవాడు. పట్టాను పట్టి ఉంచే ఇనుప కీ ఎక్కడ వదులైనా కొట్టి బిగించడం ఆయన పని.

ఒకరోజు పొగమంచులో ఒకచోట పట్టా ఊడదీసి ఉంది. బాపు ఎర్రజెండా పట్టుకుని పరుగెత్తి ప్యాసింజరు ఆపాడు. మెచ్చుకుంటారనుకున్నాం. మెప్పు కోసం నువ్వే ఊడదీశావని విచారణ పెట్టారు.

గుర్రాల డెక్కల చప్పుడు, గొలుసు ఈడ్చిన చప్పుడు విన్నానని బాపు చెప్పాడు. ఎవరో కీలు ఊడగొడుతున్నారనీ, ఆ దెబ్బ ఇనుము మీద కాదు, చెక్క మీద పడ్డట్టుందనీ చెప్పాడు. ఆఫీసరు పకపకా నవ్వాడు. మన లైన్లో చెక్క కీలెక్కడివయ్యా అన్నాడు.

నన్నూ పిలిచారు. నాకప్పుడు పదహారేళ్లు. ఆ పొద్దున పట్టాల పక్క క్వార్టర్లో చదువుకుంటూ మేలుకునే ఉన్నాను. ఏమీ వినలేదన్నాను. అది నిజం. మీ నాన్న తాగుతాడా అన్నారు. తాగుతాడన్నాను. అదీ నిజమే. కానీ బాపు చెప్పిన గుర్రాల కథకు క్లాసులో అందరూ నవ్వుతున్నారన్న ఉక్రోషమంతా ఆ మాటలో కక్కాను.

బయటికొచ్చాక బాపు, "నువ్వు గూడ నమ్మవా బిడ్డా?" అన్నాడు. నేను తల తిప్పుకుని ముందు నడిచాను. ఉద్యోగం తీసేశారు. ఆ తర్వాత రైస్ మిల్లులో వాచ్‌మన్‌గా చేస్తూనే చనిపోయాడు. చివరిదాకా ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు నేను ఐర్లాండ్‌లో, అత్లోన్ దగ్గర మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. అద్దెకు ఇళ్లు దొరక్క, మూతపడ్డ రైలు దారి పక్కనున్న పాత గేట్‌కీపర్ ఇల్లు లీజుకు తీసుకున్నాం. పట్టాలు ఎప్పుడో తీసేసి సైకిళ్ల బాట వేశారు. ఈ రైలు పీడ ఇక్కడా వదల్లేదే అనుకున్నాను.

మొన్న శీతాకాలంలో ఒక ఆదివారం, పొద్దున పది గంటలు. వంటింట్లో కందిపప్పు డబ్బా దించుతున్నాను. బయట సుత్తి దెబ్బ వినబడింది. కీ బిగించే దెబ్బ వేరు, ఊడగొట్టే దెబ్బ వేరు. కీమ్యాన్ కూతురికి ఒకరు చెప్పక్కర్లేదు. ఇది ఊడగొట్టే దెబ్బే. కానీ మొద్దుగా, చెక్క మీద పడ్డట్టుంది. తర్వాత కంకర మీద గొలుసు, బరువు లాగుతూ రొప్పే గుర్రాలు. డబ్బా జారి పప్పంతా నేలపాలైంది.

పరుగున బయటికెళ్లాను. బాట ఖాళీ. తడి తారు మీద ఒక్క డెక్క గుర్తు లేదు. కంకర అసలే లేదు.

పక్కింటి పెద్దాయన కుక్కతో వస్తున్నాడు. ఎనభై దాటినవాడు. గుర్రాలేమైనా ఇటు వెళ్లాయా అని అడిగాను. అదొక్కటే అడిగాను. ఆయన కుక్కను ఆపి నిలబడ్డాడు.

"మీ ఇంట్లో అప్పట్లో గేట్‌కీపర్ మా తాతే" అన్నాడు. "వందేళ్ల కిందటి మా అంతర్యుద్ధంలో దాడికొచ్చినవాళ్లు రైతుల గుర్రాలు లాక్కొచ్చి, పట్టాలకు గొలుసులు కట్టి ఈడ్పించేశారు. అప్పటి కీలు చెక్కవి కదా, సుత్తితో నాలుగు కొడితే ఊడేవి. తాత మా అమ్మమ్మ ఎర్ర లంగా ఊపుకుంటూ ఎదురెళ్లి రైలు ఆపాడు. నువ్వూ వాళ్లలో ఒకడివేనని సర్కారు సిపాయిలు ఆయన్నే పట్టుకున్నారు."

"ఉద్యోగం పోయిందా?" అన్నాను.

"లేదు. మా అమ్మకప్పుడు పన్నెండేళ్లు. సిపాయిల ముందు నిలబడి, నేనూ విన్నాను, మా నాన్న చెప్పింది నిజమని చెప్పింది. వదిలేశారు."

లోపలికొచ్చి నేల మీద కూర్చుని పప్పు ఏరుతూ ఏడ్చాను.

ఇక్కడెప్పుడో కొట్టిన దెబ్బలు అంత దూరాన బాపు చెవినెలా పడ్డాయో నాకు తెలియదు. అక్కడ పట్టా ఊడదీసిందెవరో ఈనాటికీ తేలలేదు. ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. నేనూ విన్నాను బాపూ అని ఇప్పుడు చెప్పగలను. అడిగిన మనిషే లేడు.