నాలుగో ఆకు

మా ఉస్తాద్ పోయారన్న కబురు నాకు ఫోన్లో బొమ్మగా వచ్చింది. ఆయన కొడుకు పంపాడు. చుట్టూ పూలు, పైన దీపం, మధ్యలో నీలం కోటు, టై వేసుకున్న ఉస్తాద్. కింద 'ప్రముఖ వ్యాపారవేత్త' అని రాసి ఉంది. ముందు ఏడుపు రావాలి కదా, నాకు ఒళ్లు మండింది. ఆ మనిషి జన్మలో కోటు వేసుకోలేదు. మెడ వరకే ఆయన. మెడ కింద ఉన్నది ఫొటో స్టూడియో వాడు అతికించిన ఎవరో. ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న ఆ చేతులు తెల్లగా, నున్నగా ఉన్నాయి. మా ఉస్తాద్ కుడి బొటనవేలి గోరు నిలువునా చీలి ఉండేది. వేళ్ల సందుల్లోని నల్లరంగు ఏ సబ్బుకీ లొంగేది కాదు.

ఆయన తోలు పని చేసేవారు. చెప్పులు, బెల్టులు, సంచులు కుట్టేవారు. తోలు మీద తీగలు, పూలు చెక్కేవారు. మీకు ఆయన తెలియదు కాబట్టి ఈ మాట ముందే రాసేస్తున్నాను. ఆ బొమ్మలో గానీ, తర్వాత జరిగిన దినాల్లో గానీ ఈ మాట ఎవరి నోటా రాలేదు.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు నడుస్తుంటే కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఒక సందు ఉంటుంది. అందులో చివరి గది ఆయనది. నేను ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ ఉద్యోగానికి వెళ్లే రోజుల్లో సంచి పట్టీ తెగితే అక్కడికి వెళ్లాను. ఆయన కుడుతుంటే చూస్తూ నిలబడిపోయి, నాకూ నేర్పుతారా మాస్టారూ అని అడిగాను.

"మాస్టారేంది, నేను బడి పంతులునా? నాకు పని నేర్పినాయన్ని నేను ఉస్తాద్ అన్న. నువ్వు సుత గట్లనే అను."

"సరే ఉస్తాద్ గారూ."

"ఉస్తాద్ అంటేనే గారు. మళ్ల దానికింకో గారెందుకు? మీ ఆంధ్రోళ్లు గారు అనకుంట నీళ్లు సుత తాగరు."

పోయినవాళ్లందరూ ఓర్పు గలవాళ్లేనని రాయడం మనకు అలవాటు. మా ఉస్తాద్‌కి ఓర్పు లేదు. మొదట్లో మిషన్‌కి దారం ఎక్కించనే లేదు. ఉత్త కాగితం మీద గీతలు గీసి, వాటి వెంట సూది నడపమన్నారు. కాలు కాస్త గట్టిగా పడితే చాలు, ఆ మిషన్ గీత దాటి ఉరికేది. "ఏడికి ఉరుకుతున్నవ్? బస్సు పోతుందా?" అని సందు చివరిదాకా వినబడేలా అరిచేవారు. కాగితం నుంచి తోలు మీదికి వచ్చాక తిట్లు ఇంకా పెరిగాయి. బట్ట మీద కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. తోలు మీద సూది దిగిన చోట బెజ్జం ఉండిపోతుంది. "బట్ట మాఫ్ చేస్తది బిడ్డా, తోలు మాఫ్ చెయ్యది" అనేవారు.

నేనూ ఊరుకునేదాన్ని కాదు. తోలుకు బెజ్జం పొడిచే ఆరెను బల్ల మీద విసిరికొట్టి వెళ్లిపోయిన రోజులున్నాయి. మర్నాడు సిగ్గు లేకుండా వెళ్తే, ఆయన చాయ్ తెప్పించి, సాసర్లో సగం పోసి నా వైపు తోసేవారు. సారీలు, బుజ్జగింపులు ఏమీ ఉండేవి కాదు. తర్వాత నా ఉద్యోగం ఊడిన ఏడాది నాకు అన్నం పెట్టింది ఆ తిట్లతో వచ్చిన పనే. ఇప్పటికీ పెడుతోంది.

మా అమ్మ మాత్రం నేను కుట్టిన పర్సును దేవుడి గది గడప దాటనిచ్చేది కాదు. ఈ సంగతి చెబితే ఉస్తాద్ కుడుతున్న మిషన్ ఆపారు.

"గుళ్లె డోలు కొడతరు గద. దాని మీద ఉన్నదేంది? అడుగు మీ అమ్మను."

అడిగాను. అమ్మ పొయ్యి మీద ఏదో మాడుతోందని లోపలికి వెళ్లింది.

కొన్నాళ్లకు కొడుకు పెళ్లి కుదిరింది. అతని ఆఫీసులోనే పనిచేసే అమ్మాయి, శ్రీనగర్ కాలనీ వాళ్లు. కులం తెలిసే పిల్లనిస్తున్నారట, పని మాత్రం తెలియకూడదట. "నీకు బ్యాగుల షోరూం ఉన్నదని చెప్పిన నాయినా" అని కొడుకు అంటున్నప్పుడు నేను పక్కనే కూర్చుని దారం ఎక్కిస్తున్నాను. నా మీద అరిచినట్టు అతని మీద అరుస్తారని ఎదురుచూశాను. అరవలేదు. అందుకు ఉస్తాద్ మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆయన తల వంచుకుని, వియ్యంకుడి కాలి సైజు కనుక్కుని, ఆయనకు పెట్టడానికి చెప్పుల జత ఒకటి మొదలుపెట్టారు.

కుడి చెప్పు పట్టీ మీద తనే మూడు ఆకులు చెక్కి, ఎడమది నాకిచ్చారు. తోలు తడిపి, మెత్తబడ్డాక కత్తి మొనతో గీత కోసి, ఆ గీత పక్కన అచ్చు పెట్టి కొడితే ఆకు పైకి లేస్తుంది. నేను కబుర్లలో పడి తోలు ఆరిపోయింది చూసుకోలేదు. మూడో ఆకు దగ్గర కత్తి జారి అంచుదాకా గీసుకుపోయింది. ఉస్తాద్ చేతిలోని సుత్తి గోడకు తగిలింది.

"కండ్లు ఏడ పెట్టినవ్? ఎల్లుండి పెండ్లి."

తిట్టడం అయ్యాక పట్టీని మళ్లీ తడిపి, జారిన గీతనే ఈనెగా చేసి ఇంకో ఆకు చెక్కారు. "తప్పును గీకితే పోదు. ఆకు చేసుకోవాలె" అన్నారు. అలా కుడి పట్టీకి మూడు ఆకులు, ఎడమదానికి నాలుగు అయ్యాయి. జత పూర్తయ్యాక పంజాగుట్టలో ఎవరినో అడిగి తెచ్చిన షోరూం డబ్బాలో పెట్టి మూత వేశారు.

"డబ్బా వాళ్లది, చెప్పులు నావి."

నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు.

దినాలు యూసుఫ్‌గూడలో ఒక ఫంక్షన్ హాల్లో చేశారు. ఫొటో అదే, నీలం కోటు ఫొటో. దాని ముందు విస్తరి వేసి ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టారు. తలకాయ కూర, గారెలు, ఒక సీసా, సిగరెట్ ప్యాకెట్. బతికినన్నాళ్లూ ఆయన చేత పట్టుకున్నవి మాత్రం లేవు. అవి నా దగ్గర ఉన్నాయి. అమీర్‌పేట సందులోని గది ఖాళీ చేసిన రోజు "ఇవి నీ తాన ఉంటెనే మంచిది బిడ్డా" అని ఉస్తాద్ భార్య నా చేతిలో పెట్టింది. ఆ ఆరెను, కత్తిని రుమాల్లో చుట్టి తెచ్చాను. విస్తరి పక్కన పెట్టి, దండం పెట్టుకుని లేచేలోపు కొడుకు వచ్చి వాటిని తీసి ప్లాస్టిక్ కవర్లో వేసేశాడు.

"ఏమనుకోకు అక్కా. మా మామోళ్లు వచ్చిండ్రు. జర అర్థం చేస్కో."

"మీ నాన్నగారు ఏం పని చేసేవారో తెలిస్తే ఏంటి? పోయాక కూడా దాచాలా?"

"నాయిననే దాచిండు గద అక్కా, నా కోసం. ఇప్పుడు నువ్వు బయటపెడతవా?"

ఆయన దాచింది కొడుకు కోసమే, నిజమే. కానీ తన చేతులు తీసేసి ఇంకెవరివో అతికించమని ఆయన చెప్పలేదు. ఆ కవర్ లాక్కుని, భోజనం చెయ్యకుండా బయటికి నడిచాను.

గుమ్మం బయట చెప్పుల గుట్ట. నావి వెతుక్కుంటుంటే వియ్యంకుడు కూడా వచ్చి తన జత కోసం కాలితో తడుముతున్నారు. ఆయనకంటే ముందు నాకే కనిపించింది ఆ జత. రంగు ముదిరింది గానీ అంచు ఎక్కడా విడలేదు. ఎడమ పట్టీ మీద నాలుగు ఆకులు.

"మంచి మనిషమ్మా మా బావగారు" అని ఆయనే మాట కలిపారు. "పెండ్లికి షోరూం కెల్లి పంపిండు ఇవి. ఇన్నేండ్లాయె, ఒక్క కుట్టు సుత ఊడలే. ఇసొంటివి ఇప్పుడు యాడ దొరుకుతయ్?"

కొడుకు గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నాడు.

"దొరకవండి" అన్నాను. "షోరూంవి కావు. మా ఉస్తాద్ చేత్తో కుట్టినవి. ఆయన చెప్పులు కుట్టేవారు. ఎడమదాని మీద ఒక ఆకు ఎక్కువుంది చూడండి, నా కత్తి జారితే ఆయన చెక్కింది."

అప్పటికే ఆయన ఎడమ కాలు చెప్పులో పెట్టేశారు. కుడి కాలు లేచి, అక్కడే ఆగింది. అల్లుడి వైపు చూశారు, కిందికి చూశారు. ఆ కాలు మెల్లగా దించి చెప్పు పక్కన పెట్టారు. నేను మెట్లు దిగి వచ్చేశాను. వీధి మలుపులో తిరిగి చూస్తే ఆయన ఇంకా అలాగే ఉన్నారు, ఒక కాలు చెప్పులో, ఒక కాలు బండ మీద.