బొంతలో చుట్టిన పిల్ల

బొంబాయి కామాటిపురలో వరసగా ఒంటిగదులుండే పాత మేడల్ని చాల్ అంటారు. మా పక్క చాల్‌ను కూల్చడం మొదలుపెట్టినప్పుడు మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉంది. పొద్దున్నే కూల్చే మిషను మోగగానే చెవులు మూసుకుని, ఇనప బీరువాకీ గోడకీ మధ్యనున్న సందులో దూరేది. బయటికి లాగితే కరిచేది. యూనిఫాం కాలరు మెడకు తగిలినా, తలకు దువ్వెన పెట్టినా అంతే. మా ఆయన గ్రాంట్ రోడ్ దగ్గర బట్టల కొట్లో పనిచేస్తాడు. పొద్దున వెళ్తే దీపాలు పెట్టాకే వస్తాడు. నేను కుట్టుపనికి పోవడం మానేసి పిల్లతో గదిలో ఉండిపోయాను.

మొదట్లో ఏడ్చేదాన్ని. కొన్నాళ్ళకు ఏడుపు రావడం ఆగిపోయింది. తిన్నదాని రుచీ తెలిసేది కాదు. పిల్ల అరుస్తున్నా బియ్యం కడుగుతూనే ఉండేదాన్ని. పక్కింట్లో ఎవరో అరుస్తున్నట్టు వినిపించేది.

బడిలో టీచరు చెబితే సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పిల్లలకు థెరపీ చేసే అమ్మాయి మరాఠీలో నెమ్మదిగా చెప్పింది. ఇది మొండితనం కాదంది. చప్పుడు, తాకిడి ఒక్కసారిగా మీద పడితే ఈ పిల్ల తట్టుకోలేదనీ, సందులో రెండువైపులా ఒళ్ళు అదిమినట్టుంటే నెమ్మదిస్తుంది గనుకే అక్కడికి పోతోందనీ చెప్పింది. ఆ అదుము మీరే ఇవ్వండి అంది. భుజం నుంచి మణికట్టు దాకా అరచేత్తో గట్టిగా, నిదానంగా ఎలా నొక్కాలో చూపించింది. రెండు చేతులతో గోడను తోయించమంది. దుప్పట్లో చుట్టి, తల బయటే ఉంచి, పైనుంచి దిండుతో అదమమంది. ముందు పిల్లను అడగాలి, వద్దంటే వెంటనే ఆపాలి. అందరు పిల్లలకూ ఇది పడదు, మీ పిల్లకు ఏది నచ్చుతుందో చూసుకుంటూ పొమ్మంది. తలూపాను. ఆశేమీ కలగలేదు.

ఇంటికొచ్చి, గిన్నెలు తోమినట్టే అదీ ఒక పనిగా చేశాను. మొదట పిల్ల నా చెయ్యి తోసేసింది. ఒకరోజు తోయలేదు. ఒక చెయ్యి అయ్యాక రెండోది తనే చాపింది. సంతోషపడాలని నాకు తెలుసు. అదీ నొక్కి, లేచి పొయ్యి వెలిగించాను.

మా అత్తమ్మ పాత చీరలతో కుట్టిన బరువైన బొంత ఒకటి ఉంది. ఓ మధ్యాహ్నం పిల్ల దాన్ని ఈడ్చుకొచ్చి నా ముందు పడేసింది. చుట్టి, మోకాళ్ళ మీద కూర్చుని దిండుతో వీపు అదుముతున్నాను. ఉక్కపోతకు తలుపు తీసే ఉంది. చివరి గదిలో ఉండే పెద్దమ్మ బకెట్టుతో నీళ్ళు తెచ్చుకుంటూ అటు వచ్చింది. మా చాల్‌లోనే పుట్టిన మనిషి. పిల్ల తల అవతలివైపు ఉండటంతో ఆమెకు కనబడింది బొంత, దాని మీద నేను. బకెట్టు వదిలేసి వచ్చి నా రెక్క పట్టి లాగింది.

"ఏం జేస్తున్నవే? పిల్లని సంపుతవా?"

వరండాలో జనం పోగయ్యారు. ఎవరో ఫోను తీశారు. చెప్పాల్సింది ఒక్క మాటే. ఒలికిన నీళ్ళు గడప దాటి లోపలికి వస్తుంటే చూస్తూ ఉన్నాను.

బొంత కదిలింది. పిల్ల తల తిప్పి, "అమ్మా, ఇంకా. గట్టిగ," అంది.

పెద్దమ్మ వంగి దాని మొహంలోకి చూసింది. బయట మిషను మోగుతూనే ఉంది. పిల్ల చెవులు మూసుకోలేదు. నొప్పి అవుతోందా అని అడిగితే లేదంది. హాయిగా ఉందని బడిలో నేర్చిన మరాఠీలో చెప్పింది.

పెద్దమ్మ అందరినీ పంపేసి నా పక్కన కూలబడింది.

"నాకు జర జెప్పొచ్చు గద బిడ్డా."

"మాట వస్తలేదు పెద్దమ్మా," అన్నాను.

ఆమె ఓదార్చలేదు. ఎలా నొక్కాలో చూపించమంది. చూపించాను. జొన్నరొట్టెలు కొట్టి కొట్టి గట్టిపడిన చేతులు ఆవిడవి. పిల్లకు నా చేతులకంటే అవే నచ్చాయి. అప్పట్నుంచి సాయంత్రాలు దాన్ని తన గదికి తీసుకెళ్ళి పిండి పిసికిస్తోంది. థెరపీ అమ్మాయికి చెబితే అదీ ఒంటికి మంచి పనేనంది.

కూల్చడం అయిపోయి ఇప్పుడు అక్కడ కట్టడం సాగుతోంది. పిల్ల ఇప్పటికీ ఒక్కోరోజు సందులోకి పోతుంది. ఎక్కువసార్లు తనే బొంత తెచ్చుకుంటుంది. కరవడం దాదాపు పోయింది. వాళ్ళ నాన్న యూనిఫాంకి కాలరు తీయించేస్తే, టీచరు ఒప్పుకుంది. బడికి వెళ్తోంది.

మొన్న ఆసుపత్రిలో థెరపీ అమ్మాయి నన్ను, మీరెలా ఉన్నారని అడిగింది. బాగున్నానన్నాను. ఆమె నమ్మలేదు. పై అంతస్తులో మనసు బాగోలేనివాళ్ళను చూసే డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్ళింది. అక్కడ అడిగినవాటికి జవాబులు చెప్పాను. మందు రాశారు. గుణం కనబడటానికి టైము పడుతుందన్నారు. వేసుకుంటున్నాను.

నిన్న మిషను మోగుతుండగానే పిల్ల అన్నం తింది. పప్పులో ఉప్పు ఎక్కువైందంది. నేనూ ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నిజమే, ఎక్కువైంది.