సీలు వేసిన డిస్కు

ఆ గదిలో ఉన్నవి ఇవి. ఒక పీసీ, దానికి పాతకాలపు పెద్ద ఫ్లాపీ డ్రైవు. ఒక డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. బిస్కెట్ల డబ్బాలో ఆరు ఫ్లాపీ డిస్కులు. మనుషులం నలుగురం: నేను, సెంటరు నడిపే నా స్నేహితుడు ఖాదర్, ఉదయగిరి నుంచి వచ్చిన ప్రభాకర్, అతని అవ్వ, అంటే నాన్నమ్మ, సుందరమ్మ. ఇంతకు మించి అక్కడ ఇంకేమీ లేదని ఆ రోజు ఎవరడిగినా ఒట్టేసి చెప్పేవాణ్ణి.

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళని ఆటపట్టించడం నాకు అలవాటు. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేశాను. యంత్రం తప్పు చేసిందంటే ఎక్కడో తీగ ఊడి ఉంటుంది, లేదా మనిషి తప్పు చేసి ఉంటాడు. అంతే అనుకునేవాణ్ణి. ఇది చదివి నేను మారిపోయానని అనుకోవద్దు. జరిగింది జరిగిన వరసలో రాస్తున్నాను.

తొంభైల మధ్యలో ఒక ఎండాకాలం. ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఖాదర్‌కి చిన్న కంప్యూటర్ సెంటరు ఉండేది. పెళ్ళికార్డులు, కరపత్రాలు అతని పని. మెషీన్లు చూసుకోవడం నా పని.

ప్రభాకర్ తండ్రి దేవసహాయం సారు లెక్కల టీచరు. అంతకు ముందు ఏడాది గుండెపోటుతో పోయారు. ఎనభైల్లో కొన్ని హైస్కూళ్ళకు ప్రభుత్వం కంప్యూటర్లు ఇచ్చినప్పుడు ఆయన బడికీ ఒకటి వచ్చింది. దాన్ని ఆయన తప్ప ఎవరూ ముట్టుకునేవారు కాదట. తర్వాత అది పాడైపోయింది. ఆయన డిస్కులు మాత్రం ఇంట్లో మిగిలాయి; ప్రభాకర్ వాటినే మా దగ్గరికి తెచ్చాడు.

వాళ్ళ సొంత ఊరు సోమశిల ప్రాజెక్టు నీళ్ళలో మునిగింది. ఊరు ఖాళీ చేసే రోజుల్లో సారు చర్చి వెనకున్న సమాధుల తోటను టేపుతో కొలిచి, ఏ సమాధి ఎక్కడుందో రాసుకున్నారు. ఆ కాగితాలను చెదలు తినేశాయి. అంతకుముందే సారు వాటిని కంప్యూటర్లో ఎక్కించి పెట్టారని ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ ఏడాది రిజర్వాయరు బాగా అడుగంటింది. ఊరి పునాదులు బయటపడ్డాయి; సమాధుల రాళ్ళు చాలావరకు బురదలో కూరుకుపోయాయి. పాత కుటుంబాలవాళ్ళు వెళ్ళి తమవాళ్ళ సమాధుల మట్టి తెచ్చుకుంటున్నారు. వానలు పడితే మళ్ళీ అంతా నీళ్ళే.

"అవ్వ ఒంట్లో బాగలేదన్నా. ఇంకో ఎండాకాలం చూస్తాదని నమ్మకం లేదు. ఈ లోపలే ఆ కొలతలు కావాల," అన్నాడు ప్రభాకర్.

ఆ డిస్కుల్ని మా మెషీన్ గుర్తుపట్టలేదు. వాటి పద్ధతే వేరు. నెల్లూరులో నాకు పాఠం చెప్పిన సారు దగ్గర ఆ పాత మెషీన్ మాన్యువల్ జిరాక్సు ఒకటి దొరికింది. దాన్ని పట్టుకుని, డిస్కును ముక్కముక్కగా చదివే ప్రోగ్రాము రాశాను. చదవడమే. డిస్కు మీద రాసే భాగం అందులో లేదు.

మొదలుపెట్టే ముందు ప్రతి డిస్కు అంచున ఉండే గంటును స్టిక్కరుతో మూసి, దాని మీద సంతకం చేశాను. గంటు మూస్తే ఏ డ్రైవూ ఆ డిస్కు మీద కొత్తగా రాయలేదు.

"పెళ్ళికూతురికి బొట్టు పెట్టినట్టు పెడతాండావేందిరా," అని ఖాదర్ నవ్వాడు.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ పద్ధతిలో ప్రతి డిస్కు మొదట్లో ఒక సంఖ్య ఉంటుంది. ఆ డిస్కు మీద ఏదైనా రాసినా, చెరిపినా అది ఒకటి పెరుగుతుంది. ఎన్నిసార్లు చదివినా పెరగదు.

చాలా రోజులు చెత్త అక్షరాలే వచ్చాయి. చివరికి మూడో డిస్కులో సమాధుల తోట దొరికింది. ఒక్కో లైనులో చర్చి గోడ మూల నుంచి తూర్పుకి ఎన్ని అడుగులు, దక్షిణానికి ఎన్ని అడుగులు, ఎవరి సమాధి. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో. ప్రతి డిస్కునూ రెండుసార్లు చదివి పోల్చి చూడటం నా పద్ధతి. పోల్చాను. తేడా లేదు. డిస్కు మీది సంఖ్య 37.

కబురు పంపితే మర్నాడే ప్రభాకర్ అవ్వను వెంటబెట్టుకొచ్చాడు. నేను పేర్లు చదువుతుంటే ఆమె ఒక్కొక్కరికీ ఒక మాట అంటూ వచ్చింది.

"వాడా! ప్రార్థనలో నిద్రపొయ్యేవాడు. ఇప్పుడు ఎవురూ లేపరులే."

అందరం నవ్వాం. లైన్లు అయిపోయాయి. అవ్వ ఇంకా నా వైపే చూస్తోంది.

"మా పాప ఏదబ్బయా?"

మళ్ళీ మొదటినుంచి చూశాను. లేదు. అప్పుడు ప్రభాకర్ చెప్పాడు. ఏడాది నిండని బిడ్డలకు వాళ్ళ ఊళ్ళో రాయి నిలబెట్టరు. సారు కొలిచింది రాళ్ళను. అవ్వకు రెండో కాన్పులో పుట్టిన ఆడపిల్ల పేరైనా పెట్టకముందే పోయింది. బాలింతను సమాధుల తోటకు రానివ్వలేదు. వెళ్ళింది ఇద్దరే. వాళ్ళలో ఆమె భర్త పోయి చాలా కాలమైంది. రెండోవాడు అప్పటికి పదేళ్ళ పిల్లవాడు, దేవసహాయం సారే.

"వాడు పెట్టె ఎనకాలే నడిచినాడు. మా నాయన నర్ది చెట్టు చెక్కతో చెక్కిన ఉగ్గు గరిటె, కొసన చేప బొమ్మ ఉండాది, అది కూడా దాని పక్కనే పెట్టినామని వాడే చెప్పినాడు. యాడ అని అడగలా. పిల్లోడు ఏడుస్తాడని అడగలా. పెద్దోడైనాక అడుగుదామంటే నాకే నోరు రాలా."

అంటూనే డిస్కు తీసుకుని, కళ్ళొత్తుకున్న కొంగుతోనే తుడవడం మొదలుపెట్టింది. "అవ్వా, తుడవద్దు!" అని అరిచాను.

"దుమ్ముండాది నాయనా. మా వోడి చేతిది గదా." డిస్కును ముఖం దగ్గరికి తెచ్చుకుంది. "దేవసహాయం, చెల్లెల్ని యాడ పెట్టినార్రా?"

ఖాదర్ ప్రింటరు కాగితం సరిచేస్తున్నట్టు అటు తిరిగాడు.

ఆ రాత్రి ఆ డిస్కును నేను ఇంటికి తీసుకెళ్ళి నా పెట్టెలో పెట్టి తాళం వేశాను. కొంగు తడికి పాడైందేమోనని మనసు నిలవలేదు. పొద్దున్నే సెంటరు తెరిచి మళ్ళీ చదివి, మొదట చదివినప్పుడు పీసీలో దాచుకున్న కాపీతో పోల్చాను.

మూడు చోట్ల తేడా. మొదటిది, ఫైలు చివర ఒక లైను ఎక్కువ ఉంది. తూర్పు 31, దక్షిణం 8, పాప. రెండోది, ఆ లైనుకు సరిపడా ఫైలు పొడవు పెరిగింది. మూడోది, డిస్కు మీది సంఖ్య 38.

స్టిక్కరు చూశాను. నా సంతకం సగం స్టిక్కరు మీద, సగం డిస్కు తొడుగు మీద, గీత కలిసే ఉంది. ఖాదర్‌ని గట్టిగానే అడిగాను.

"రేయ్, పెళ్ళికార్డులు కొట్టడం తప్ప నాకేం వచ్చురా? ఆ డిస్కు ఎటు తిప్పి పెట్టాల్నో కూడా తెలీదు," అన్నాడు. నిజమే.

ఆ రోజు కుర్చీలో కూర్చోలేకపోయాను. బస్టాండు దాకా నడవడం, తిరిగి రావడం, చదవడం. ఎన్నిసార్లు చదివినా అదే లైను, అదే 38. నాకు తట్టని పొరపాటు ఏదైనా ఉంటే ముసలామె చేత ఇంకెవరి సమాధో తవ్వించినవాణ్ణి అవుతాను. దాచిపెడితే వానలొస్తాయి. చివరికి ఒక లైను కొత్తగా కనిపించిందని మాత్రం ప్రభాకర్‌కి చెప్పాను. నేనూ వస్తానన్నాను.

సోమశిలలో బస్సు దిగి పగుళ్ళిచ్చిన బురద మీద నడిచాం. అవ్వను ప్రభాకర్ చాలా దూరం ఎత్తుకునే వచ్చాడు. చర్చి గోడ మూల రాళ్ళు నిలిచే ఉన్నాయి. టేపు నేనే పట్టాను. తూర్పుకి, తర్వాత దక్షిణానికి. అక్కడ రాయి లేదు, దిబ్బ లేదు. ఎండిన బురద.

ప్రభాకర్ పారతో పైమట్టి తీసి, తర్వాత చేతులతో తవ్వాడు. మోచేతి లోతులో నల్లబడిన చెక్క ఒకటి తగిలింది. కాడ కొసన చేప బొమ్మ. చాలాకాలం బురదలో కూరుకుపోతే చెక్క చెడకపోవచ్చు. అది నేను ఒప్పుకుంటాను.

అవ్వ దాన్ని ముందు చెంపకు ఆనించుకుంది. తర్వాత నన్ను అడిగింది.

"వాడే చెప్పినాడా?"

"డిస్కులో ఉంది అవ్వా," అన్నాను.

ఇంకేమీ కదిలించవద్దంది అవ్వ. ఆ గుంతలోని మట్టినీ గరిటెనూ తెల్లగుడ్డలో మూట కట్టి ఉదయగిరి తెచ్చారు. కొండ కింద దేవసహాయం సారు సమాధి పక్కన గుంత తీసి, ప్రార్థన చేసి పెట్టారు. నేనూ ఉన్నాను. అవ్వ ఈసారి అందరికంటే ముందు నిలబడింది.

మొదటి రెండుసార్లు డ్రైవు ఆ లైనును వదిలేసి ఉంటుందా అని చాలా ఆలోచించాను. డ్రైవు వదిలేస్తే తప్పు చూపిస్తుంది, ఫైలు పొడవును సరిచేసి పెట్టదు. మా ఊళ్ళలో ఆ పద్ధతిలో రాయగల మెషీన్ నాకు తెలిసి ఒక్కటి కూడా లేదు. ఉన్నా స్టిక్కరు ఊడదీయాలి. ఇంతవరకే నాకు తెలుసు. దీన్ని దాటి ఏమీ చెప్పలేను.

ఉదయగిరి నుంచి వచ్చిన మర్నాడు, డిస్కులు తిరిగి ఇచ్చేముందు, మూడో డిస్కును చివరిసారి చదివాను. స్టిక్కరు మీద సంతకం అలాగే ఉంది. రాళ్ళున్న సమాధుల లైన్లన్నీ ఉన్నాయి. పాప లైను లేదు. ఫైలు పొడవు మొదట ఉన్నంతే ఉంది.

డిస్కు మీది సంఖ్య 39.