తాత మీద పోసిన నీళ్ళు

ఇవాళ పొద్దున కరెంటు పోయి, కుళాయి కాసేపు గాలి ఊది ఆగిపోయింది. స్నానానికి ఎవరూ ఎదురుచూడటం లేదు. అయినా బకెట్లో నీళ్ళున్నాయో లేదో పరుగున వెళ్ళి చూశాను.

నా చిన్నప్పుడు రంగూన్‌లో తాకేటా పేట వైపు ఉండేవాళ్ళం. మా తాత బర్మా సినిమాల్లో చిన్న వేషాలు వేసేవాడు. ఒకదాంట్లో దెయ్యం, ఇంకోదాంట్లో వేరే గ్రహం నుంచి దిగినవాడు. ఏ వేషమైనా చివరికి చచ్చిపోవాల్సిందే. షూటింగ్ నుంచి రాగానే నాయనమ్మ తాతని గడప దాటనిచ్చేది కాదు. శ్మశానం నుంచి వచ్చినవాళ్ళలా వాకిట్లోనే, కుళాయి దగ్గర తలస్నానం చేయాలి. అందుకని తాత నిజంగానే చచ్చి వస్తాడనీ, ఆ నీళ్ళే మళ్ళీ బతికిస్తాయనీ అనుకునేదాన్ని.

ఒక సాయంత్రం ఇలాగే కరెంటు లేక మోటారు ఆడలేదు. మొహాన తెల్లరంగుతో తాత వాకిట్లో నిలబడిపోయాడు. బకెట్లో చుక్క లేదు. ఆలస్యమైతే తాత ఇక బతకడనుకున్నాను. తాగేనీళ్ళ కుండలోంచి చెంబు ముంచుకొచ్చి తాత మీద పోసేశాను. నాకు మోకాళ్ళ వరకే అందింది.

"ఏటే, తాగే నీల్లు పారబోసీసినావు?" నాయనమ్మ కేకలేసింది.

"తాత సచ్చిపోతాడు!" అని ఏడ్చాను.

తాత నవ్వలేదు. నా ముందు గొంతుక్కూర్చుని తల వంచాడు.

"ఇంకో చెంబు పొయ్యమ్మా. తల తడవనేదు," అన్నాడు.

తాత నిజంగా పోయిన రోజు, అందరం ఆ కుళాయి దగ్గరే వరసగా తలస్నానాలు చేశాం. ఆఖరిదాన్ని నేనే. లోపలికి వెళ్ళేముందు బకెట్ మళ్ళీ నిండా పట్టి, వాకిట్లోనే ఉంచాను.